పదకొండో గడి: నేరానికి కారణం

మా శాఖవారి ఫారంలో పదకొండో గడి పేరు 'నేరానికి కారణం'. దాని కింద రెండు గీతలు ఉండేవి. తర్వాతి గడి 'పుట్టుమచ్చలు'. దానికి మూడు గీతలు. మనిషి ఎందుకు తప్పు చేస్తాడన్న ప్రశ్నకు ప్రభుత్వం పుట్టుమచ్చల కంటే తక్కువ జాగా ఇచ్చింది. మొదట్లో నాకిది అన్యాయం అనిపించేది. నాలుగైదేళ్లు ఆ ఫారాలు నింపాక, రెండు గీతలు కూడా ఎక్కువే అనిపించింది.

నేను ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేశాను. మొదటిసారి ఏదో చిన్న నేరం చేసి ఒప్పుకున్న మనిషిని జైలుకు పంపాలా, లేక ఏడాదిపాటు ఒకరు కనిపెట్టి ఉండే షరతు మీద ఇంటికి పంపాలా అన్న సందేహం కోర్టుకు వస్తే, వాడి ఊరికి పోయి, వాళ్లనూ వీళ్లనూ అడిగి, రిపోర్టు రాయడం నా పని. షరతు మీద వదిలితే ఆ ఏడాది కనిపెట్టి ఉండే మనిషినీ నేనే.

నా సంగతి కూడా చెప్పాలి. మాది బచ్చన్నపేట వైపు. చెరువు కింద కొంచెం పొలం, మిగతాది వానకు పండే చెలక, ఊళ్లో నలుగురూ లేచి నిలబడే ఇల్లు. ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి గొడవ జరిగిన సంవత్సరం, చదువులు ఆగిపోయి మేమంతా రోడ్ల మీదే ఉన్నాం. జనగామ స్టేషన్లో రైలు అద్దానికి గురిపెట్టి నేనొక రాయి విసిరాను. అది పోయి ప్లాట్‌ఫారం మీద నీళ్ల కుళాయికి తగిలింది. కుళాయి వంగింది. పోలీసులు పద్నాలుగు మందిని పట్టుకున్నారు. అందులో నేనొకణ్ణి.

సాయంత్రానికి బాపు, మా నాన్న, వచ్చాడు. ఇన్‌స్పెక్టరూ ఆయనా చాయ్ తాగారు. మధ్యలో ఇన్‌స్పెక్టరు నావైపు చూసి, "వయసు వేడి పటేలా, గంతే" అన్నాడు. నా నేరానికి కారణం అలా ఒక్క గుక్కలో తేలిపోయింది. కానీ పద్నాలుగు మంది దొరికారని అప్పటికే పైకి ఫోన్ చేశారట, పదమూడు చేయడం కుదరదట. బయట మా జీతగాడు, ఎడ్లూ పొలమూ చూసే పాలేరు, నా సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. నా బదులు ఆయన పేరు రాశారు. నేను సైకిలెక్కి బాపు వెనకాల ఇంటికి వచ్చాను. జీతగాడు పంతొమ్మిది రోజుల తర్వాత వచ్చి, తిన్నగా కొట్టంలోకి పోయి ఎడ్లకు కుడితి పెట్టాడు. బాపు ఆయనకు కొత్త చెప్పులు కుట్టించాడు. ఇంట్లో అందరూ బాపు మంచితనాన్ని చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను.

తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు, నా మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసిచ్చారు. నిజమే, లేదు.

హైదరాబాదులో మూడు నెలలు మాకు శిక్షణ. మొదటి నెల పాఠం చెప్పిన పెద్దమనిషి నేరం రక్తంలో ఉంటుందన్నాడు. రెండో నెల వచ్చినాయన, కాదు, కడుపులో ఉంటుంది, ఆకలి తీరితే నేరం ఉండదన్నాడు. మూడో ఆయన అది చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బల్లో ఉంటుందన్నాడు. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు పేరుపెట్టి మరీ తప్పుపట్టారు. పరీక్షలో మూడూ రాసిన వాళ్లకు ఫస్టు క్లాసు వచ్చింది. నాకు ఫస్టు క్లాసు వచ్చింది.

ఉద్యోగంలో చేరి మానుకోట వైపు తిరగడం మొదలుపెట్టాక అసలు పండితులు తగిలారు. ఒక ఠాణాలో రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. ఆయన సిద్ధాంతం చెవి తమ్మెల మీద నడిచేది. "తమ్మె కిందికి వేలాడిందా, మంచోడు. చెంపకు అంటుకొని ఉన్నదా, వానికి ఒకరి సొమ్ము మీద కన్ను పడుతది సారు. ఇర్వై ఏండ్ల సంది చూస్తున్న" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చెవులు తడుముకున్నాను. నావి అంటుకునే ఉన్నాయి. ఆయన అది చూశాడు కానీ, నేను ఆఫీసరును కాబట్టి ఏమీ అనలేదు.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు, అంటే మా అమ్మకు, ఇదంతా చెప్పాను. అవ్వ కూరగాయలు తరుగుతూ, "చెవులు లేవు, ముక్కులు లేవు. తల్లి కడుపుతోటి ఉన్నప్పుడు అడిగింది పెట్టకపోతే పుట్టినోని చెయ్యి ఊకుండది" అంది.

"మరి నేను కడుపుల ఉన్నప్పుడు నువ్వేం అడిగినవ్?"

"రేగువండ్లు. మీ నాయినమ్మ తేనియ్యలే." తరగడం ఆపి నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "నువ్వు మంచిగనే ఉన్నవు తియ్యి" అని మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

వీళ్లందరి సిద్ధాంతాల కంటే నాకు అవసరమైంది మెజిస్ట్రేటు గారి సిద్ధాంతం. ఆయనది కోస్తా. నేను మాట మధ్యలో 'గిట్ల' అంటే ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు. మంచివాడే. "చూడండీ, మనిషి పుట్టుకతో దొంగ కాడండీ. అంతా సావాసం. మా మేనల్లుణ్ణి కళ్లారా చూశాను కదా" అనేవాడు. మేనల్లుడు ఏం చేశాడో ఎన్నడూ చెప్పలేదు. రిపోర్టులో పదకొండో గడి తప్ప ఆయన ఇంకేదీ చదవడని, అందులో 'చెడు సావాసం' అని ఉంటే వదిలిపెడతాడని, 'పేదరికం' అని ఉంటే "పేదవాళ్లంతా దొంగలా?" అని చిరాకుపడి జైలుకు పంపుతాడని కోర్టు గుమాస్తా నా చెవిలో వేశాడు. ఆ రోజు నుంచి నా పరిధిలో పేదరికం తగ్గి, సావాసాలు పాడయ్యాయి.

అప్పుడు ఆ బిందె కేసు వచ్చింది.

గంగారం అడవి అంచున ఒక తండా. అక్కడికి రెండు కోసుల దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక మోతుబరి ఇంట్లో ఇత్తడి బిందె పోయింది. నాలుగో రోజుకు పోలీసులు తండాలో ఇరవై ఏళ్లవాణ్ణొకణ్ణి పట్టుకున్నారు. బిందె దొరికింది. వాడు ఒప్పుకున్నాడు. కోర్టులో కూడా, అడగడం పూర్తి కాకముందే, "నేనే తీసిన సారు" అన్నాడు. మెజిస్ట్రేటు గారు నన్ను విచారించి రమ్మన్నారు. నా రిపోర్టు బాగుంటే ఇంటికి, లేకపోతే ఆరు నెలలు జైలుకు.

ముందు బిందె పోయిన ఇంటికి వెళ్లాను. ఆ ఇంటావిడ బిందె తెచ్చి చూపించింది. "మా బిందెకు మూతికాడ సొట్ట ఉండె. దీనికి లేదు. బరువు గూడ జర ఎక్కువనే ఉన్నది" అంది.

"మరి పోలీసులకు చెప్పలేదా అమ్మా?"

"చెప్పిన. అయితే ఇంకో బిందె గూడ పోయిందా అని అడిగిండ్రు. ఎందుకొచ్చిన పరేషాన్ అని ఊకున్న. ఇది మంచిగనే ఉన్నది, ఉండనియ్యి."

అక్కడి నుంచి తండాకు నడిచాను. పాతిక ఇళ్లు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. తండా పెద్ద, నాయక్, ముసలాయన, నన్ను మంచం మీద కూర్చోబెట్టి తాను కింద కూర్చున్నాడు. వాడు ఎలాంటివాడు, ఎవరితో తిరుగుతాడు, ఇదివరకు ఏమైనా చేశాడా అని నా ప్రశ్నలన్నీ అడిగాను. ఆయన అన్నిటికీ "మంచోడే సారు" అన్నాడు. మరి ఎందుకు తీశాడు అన్నాను. ఆయన "వాడు తియ్యలే సారు. వానింటి వంతు వచ్చింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ దొంగతనం జరిగినా ఠాణావాళ్లు ముందు తండాకే వచ్చేవాళ్లు. మునుపు అందరినీ కొట్టేవాళ్లు, ఆడవాళ్లని కూడా చూడకుండా. అప్పుడు పెద్దలు కూర్చుని ఆలోచించారు. "పశువులు కాయ ఇంటికొక దినం వంతు ఉన్నది. చేను కావలికి వంతు ఉన్నది. గట్లనే ఠాణాకు గూడ వంతు పెట్టుకున్నం. వాళ్లు రాంగనే ఒక్కణ్ణి ముంగట పెడ్తం, ఇంకెవ్వర్ని ముట్టద్దంటం. నాల్గు దినాలు ఉంచుకొని కొట్టి ఇడిసిపెడ్తరు. ఎల్లిపోతది."

"మరి బిందె?"

"సొత్తు లేకుంటె ఒప్పుకోరు గద సారు. అది నా బిడ్డ బిందె."

ఈసారి వంతు వాడి అన్నదట. వదినకు నెలలు నిండాయి, అన్న ఇంట్లో ఉండాలని వీడు వెళ్లాడు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఠాణాకు కొత్తగా వచ్చిన ఎస్సైకి కొట్టి వదిలేసే అలవాటు లేదు. ఆయన చట్టప్రకారం నడిచే మనిషి. కేసు రాసి కోర్టుకు పంపాడు. తండాలో ఎవరికీ కోర్టు తెలియదు. తొందరగా ఒప్పుకుంటే తొందరగా వదులుతారని వాడికి నేర్పి పంపించారు. నేర్పింది నాయకే.

నాకు ఒళ్లు మండింది. ఠాణా మీద మండింది, తండా మీద మండింది, పాతిక ఇళ్లు కూర్చుని ఇంత చక్కగా అన్యాయాన్ని పంచుకున్నందుకు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం ఎవరిదో, పిడికెడు పంచుకుంటున్నది ఎవరో. కానీ ఆ పద్ధతి నాకు వెంటనే అర్థమైంది. శిక్షణ వల్ల కాదు. సైకిలు పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చి అర్థమైంది.

లేచేటప్పుడు నాయక్ నా మోకాళ్లు పట్టుకున్నాడు. "వంతు సంగతి రాయకు సారు. రాస్తె తండా అంత పోతది. వాణ్ణి ఒక్కణ్ణి ఎట్లనన్న ఇడిపియ్యి."

బస్సులో ఫారం ఒళ్లో పెట్టుకుని ఆలోచించాను. నిజం రాస్తే, కోర్టులో ఒప్పుకున్నవాడు ఇప్పుడు మాట మార్చాడంటారు, పశ్చాత్తాపం లేదంటారు, వాడు జైలుకు పోతాడు, ఠాణావాళ్లు మళ్లీ తండా మీద పడతారు. అబద్ధం రాస్తే వాడు ఎల్లుండి ఇంట్లో ఉంటాడు. ఇందులో ఆలోచించాల్సింది ఏముందనిపించింది. పదకొండో గడిలో నా మంచి దస్తూరీతో రాశాను: 'చెడు సావాసం. సావాసం మాన్పిస్తే బాగుపడగలడు.' రెండు గీతలు సరిగ్గా సరిపోయాయి.

మెజిస్ట్రేటు గారు చదివి, "చూశారా, నేను చెప్పలా?" అన్నారు. ఏడాది నా కనుసన్నల్లో ఉండాలన్న షరతు మీద వదిలేశారు. ఆ రోజు నేను గర్వపడ్డాను. ఇంటికి పోయి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

ఆ తర్వాత ఏడాదంతా ప్రతి నెలా మొదటి సోమవారం వాడు మానుకోటకు వచ్చేవాడు. దానికీ ఒక ఫారం ఉంది. పని చేసుకుంటున్నావా, ఊళ్లోనే ఉంటున్నావా, చెడు సావాసం మానావా. మొదటి నెల మూడో ప్రశ్న అడిగితే వాడు నా మొహం చూశాడు. నేను తల ఊపాను. "మానిన సారు" అన్నాడు. రాసుకున్నాను. పన్నెండు నెలలూ మానాడు.

ఫారం పని అయిదు నిమిషాల్లో అయిపోయేది. వాడి బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. అందుకని ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం చాయ్ తాగేవాళ్లం. మొదట నిలబడి తాగేవాడు, నాలుగో నెలకు బెంచీ మీద కూర్చున్నాడు. భూపాలపల్లి వైపు బొగ్గు బాయిలు పడుతున్నాయని, మనుషులు కావాలంటున్నారని, ఏడాది అయ్యాక పోతానని చెప్పేవాడు. అన్న కొడుక్కు నడక వచ్చిందని చెప్పాడు. ఒకరోజు ఏ బుద్ధి పుట్టిందో, నేను నా రాయి సంగతి చెప్పాను. కుళాయి వంగిన దగ్గర బాగా నవ్వాడు. పద్నాలుగు పేర్ల సంగతి, బాపు వచ్చిన సంగతి చెప్పగానే నవ్వు ఆపి, "మరి మీ బదులు ఎవ్వరు పోయిండ్రు సారు?" అన్నాడు.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. "మా జీతగాడు" అన్నాను.

"ఆయన వంతు ఉండెనా?"

"ఎప్పుడూ ఆయన వంతే."

నాకు సిగ్గేసింది. ఆ నెల చాయ్ సగంలో వదిలేసి లేచాను.

ఏడాది ముగిశాక 'పూర్తిగా బాగుపడ్డాడు' అని రాశాను. చెయ్యని దొంగతనం మళ్లీ చెయ్యకుండా ఉన్నందుకు నేనిచ్చిన సర్టిఫికెట్టు అది. వాడు భూపాలపల్లి పోయి ఒక కంట్రాక్టరు దగ్గర మట్టి పనిలో చేరాడు.

మూడేళ్ల తర్వాత ఒకరోజు నాయక్ నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అదే ఊళ్లో, బావి దగ్గరి కరెంటు మోటారుకు ఉన్న రాగి తీగ పోయిందట. ఠాణావాళ్లు తండాకు వచ్చారు. అలవాటు ప్రకారం వంతు వచ్చిన మనిషి చద్దిమూట కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఈడు వద్దన్నరు సారు. పుస్తకంల పాత దొంగ ఉండంగ కొత్తోడెందుకు అన్నరు. బస్సెక్కి భూపాలపల్లి పోయి వాణ్ణి పట్టుకొచ్చిండ్రు. ఇప్పుడు వంతుల్లెవ్వు. పుస్తకంల వానొక్కని పేరే ఉన్నది."

ఆ పేరు ఠాణా పుస్తకంలోకి చేర్చింది కోర్టు తీర్పు. తీర్పు తెచ్చింది నా రిపోర్టు.

నేను భూపాలపల్లి వెళ్లాను. తీగ పోయిన రోజు వాడు పనిలో ఉన్నాడని రాసివ్వమని కంట్రాక్టరును అడిగాను. "మేం పేర్లు రాయం సారు. పొద్దుగాల మందిని లెక్క పెడ్తం. నలభై మంది ఉన్నరా లేదా, గంతే" అన్నాడు. ఆ రోజు నలభై మంది ఉన్నారు. అందులో ఎవరున్నారో ఆయనకు తెలియదు.

కోర్టులో ఇప్పుడు వేరే మెజిస్ట్రేటు. వాడు ఈసారి తాను తియ్యలేదన్నాడు. సాక్ష్యం చెప్పడానికి నేను ఎక్కి, వంతు సంగతి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. ప్రభుత్వ వకీలు నా పాత రిపోర్టు తీసి పదకొండో గడి చదివాడు. మెజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి నన్ను అడిగాడు.

"అప్పుడు చెడు సావాసం వల్ల దొంగతనం చేశాడని రాశారు. ఇప్పుడు దొంగతనమే చెయ్యలేదంటున్నారు. రెండింటిలో ఏది అబద్ధం?"

"మొదటిది సార్."

"కోర్టుకు అబద్ధం రాసిచ్చిన మనిషి మాట ఇప్పుడు ఎందుకు నమ్మాలి?"

వాడికి ఆరు నెలలు వేశారు. నాకు మా శాఖ నుంచి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది, అందులో కారణం రాయడానికి పేజీ మొత్తం ఇచ్చారు.

తీర్పయ్యాక, జైలుకు తీసుకుపోయే ముందు, వాణ్ణి కోర్టు వరండాలో కూర్చోబెట్టారు. కానిస్టేబులును అడిగి, ఎదుటి హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెచ్చాను. వాడి కుడిచేతి వేళ్లు వాచి ఉన్నాయి. గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎందుకంత కొట్టారని అడిగాను. ఒప్పుకోనందుకేమో అనుకున్నాను.

"తీగ గురించి ఒక్కదినమే కొట్టిండ్రు సారు. మిగిలిన దినాలు సావాసం గురించి. ఠాణాకొచ్చిన కాయితంల చెడు సావాసం అని రాసి ఉన్నది గద, వాళ్లెవ్వరో పేర్లు చెప్పుమన్నరు."

నా గ్లాసు కింద పెట్టాను.

"నేనెవ్వరి పేరు చెప్తును? తండాల అందరు మనోళ్లే. బొగ్గుబాయి కాడ పొద్దుమూకేదాక మట్టి మోసుడే. బయటి మంది తోటి కూసోని మాట్లాడింది, చాయ్ తాగింది, ఏడాది పొడుగున మీ ఒక్కరితోటే." ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. "ఒకసారి నోటిదాక వచ్చింది సారు మీ పేరు."

"చెప్పాల్సింది" అన్నాను. నిజంగానే అన్నాను.

"చెప్పలే. ఈసారి మీ వంతు గూడ నేనే పోత అనుకున్న."

కానిస్టేబులు పిలిచాడు. వాడు మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు నా చేతికిచ్చి లేచాడు. రెండు గ్లాసులూ నేనే తీసుకుపోయి హోటల్లో ఇచ్చి వచ్చాను.